బెంచ్ మీద ఉన్నాను, రాజీనామా చేసేయమంటారా?

యాంకర్: ఉద్యోగ సలహాల కోసం మన నిపుణురాలితో మాట్లాడటానికి బెంగళూరు మారతహళ్లి నుంచి మొదటి కాలర్. చెప్పండి.

శ్రోత: నమస్తే మేడమ్. మాది అనంతపురం దగ్గర. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాలుగేళ్ల మూడు నెలలు అయింది, అంతా ఒకే క్లయింట్. రెండు నెలల క్రితం ప్రాజెక్టు అయిపోయింది, అప్పట్నుంచి ఏ ప్రాజెక్టూ లేకుండా బెంచ్. రోజూ వెళ్లి బ్యాడ్జి కొట్టి, టీ తాగి వస్తున్నా. హెచ్‌ఆర్ మెయిల్ కనిపిస్తే చాలు, టెన్షన్. వాళ్లు పొమ్మనే లోపే మనమే మానేస్తే మర్యాద అంటాడు మా పీజీ రూమ్మేట్. రాజీనామా చేసేయమంటారా?

నిపుణురాలు: చేతిలో ఆఫర్ లెటర్ లేకుండా రాజీనామా చేయొద్దు. ప్రతి వారం ఇదే చెప్తాను, విసుగొచ్చినా వినండి. బెంచ్ అంటే మీరేదో తప్పు చేశారని కాదు. మీ గంటలకు బిల్లు కట్టే క్లయింట్ లేడు, అంతే. అలాగని ఎన్నాళ్లో ఊరుకోరు. ఎన్ని ప్రాజెక్టులకు అడిగారు?

శ్రోత: ప్రాజెక్టులకు మనుషుల్ని కేటాయించే రిసోర్స్ మేనేజ్‌మెంట్ వాళ్లు చూస్తామన్నారు మేడమ్.

నిపుణురాలు: వాళ్లకు మీరు ఎక్సెల్‌లో ఒక వరస బాబూ! పాత లీడ్‌లు, మేనేజర్లు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కుని, ఫోన్ చేసి అడగండి. ప్రాజెక్టులు సగం అలాగే దొరుకుతాయి.

శ్రోత: అది కాదు మేడమ్, నోటీసు 90 రోజులు కదా. ఇప్పుడే రాజీనామా పెట్టేస్తే, నోటీసులో ఉన్నవాళ్లకి త్వరగా పిలుపులొస్తాయంట...

నిపుణురాలు: మళ్లీ అక్కడికే వచ్చారు. పిలుపులొస్తాయి, కాదనను. 91వ రోజున పీజీ అద్దె ఎవరు కడతారు? ఇంకో సంగతి, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, వస్తుంది. దానికోసమే కూర్చోమనట్లేదు, లెక్కలో పెట్టుకోమంటున్నా. సరే, ఆ నాలుగేళ్లూ ఏం టెస్ట్ చేశారు?

శ్రోత: మామూలు టెస్టింగే మేడమ్. అమెరికా కార్ల ఇన్సూరెన్స్.

నిపుణురాలు: అక్కడ కారు గుద్దుకుంటే ఏమవుతుంది? నాకు తెలీదనుకుని చెప్పండి.

శ్రోత: ముందు ఫోన్‌లోనో యాప్‌లోనో క్లెయిమ్ నమోదవుతుంది మేడమ్. పాలసీ ఆ రోజుకి అమల్లో ఉందో లేదో చూస్తారు. అడ్జస్టర్ నష్టం లెక్కగడతాడు. తప్పు అవతలివాళ్లదైతే, మనవాళ్లకి డబ్బిచ్చేసి తర్వాత వాళ్ల కంపెనీ నుంచి రాబట్టుకుంటారు. అక్కడే బగ్‌లు ఎక్కువ...

నిపుణురాలు: దీన్ని మామూలు టెస్టింగ్ అంటారా! మీ రెజ్యూమెలో ఇదంతా ఉందా?

శ్రోత: సెలీనియం, జిరా అని రాశాను మేడమ్.

నిపుణురాలు: అవి అందరూ రాస్తారు. పైన క్లెయిమ్స్ అని రాయండి, టూల్స్ కిందికి దించండి. ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో బిజినెస్ అనలిస్టు పక్కన చిన్న పని దొరికినా ఎక్కేయండి. రాజీనామా మాత్రం...

శ్రోత: ఆఫర్ లేకుండా చేయను మేడమ్.

యాంకర్: థాంక్యూ. హోసూరు రోడ్డు నుంచి ఒక తండ్రి.

శ్రోత: అమ్మా, మా అబ్బాయికి పెద్ద కంపెనీలో బ్యాక్‌డోర్‌లో, అంటే దొడ్డిదారిన, ఉద్యోగం ఉందని, మూడు లక్షలు...

నిపుణురాలు: ఇవ్వొద్దండి. ఉద్యోగమిచ్చే కంపెనీ డబ్బులడగదు.

శ్రోత: లక్ష ఇచ్చేశాను తల్లీ.

నిపుణురాలు: అయ్యో. మిగతాది ఆపేయండి. రసీదు, మెసేజ్‌లు ఏవీ చెరపకుండా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. రేపే వెళ్లండి.

యాంకర్: చివరి కాలర్, వైట్‌ఫీల్డ్. అర నిమిషమే ఉంది.

శ్రోత: రాత్రిళ్లు ఇంకో కంపెనీకి పనిచేస్తున్నా మేడమ్, తెలిసిపోతుందా?

నిపుణురాలు: రెండుచోట్లా పీఎఫ్ కడుతుంటే మీ పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, ఒకటే కాబట్టి అందులో కనిపిస్తుంది.

శ్రోత: అక్కడ పీఎఫ్ లేదు మేడమ్, ముందే పన్ను, అదే టీడీఎస్, కోసి...

నిపుణురాలు: అది మీ పాన్ కింద ఆదాయపు పన్ను రికార్డులో కనిపిస్తుంది. మీ ఆఫర్ లెటర్‌లో ఏం రాసి సంతకం పెట్టారో ముందు... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది మేడమ్. థాంక్యూ.