ఎడిఎ ఎంజైమ్ ఇంజెక్షన్: స్థాయి పడిపోకుండా చూసుకోవడం

అందరికీ నమస్కారం. ఎడిఎ లోపం ఉన్న పిల్లల తల్లిదండ్రులూ, వాళ్లకు ఇంజెక్షన్లు వేసే నర్సులూ ఈ సభలో ఉన్నారు. అందుకని ఉపోద్ఘాతం కుదించి మందు దగ్గరికే వస్తాను.

అడినోసిన్ డీఅమైనేజ్ (ఎడిఎ) అనే ఎంజైమ్ లేకపోతే డీఆక్సీఅడినోసిన్ అనే పదార్థం ఒంట్లో పేరుకుపోతుంది. కణాల్లో అది డీఎటిపి అనే పదార్థంగా మారి, రోగాలతో పోరాడే తెల్లకణాలైన లింఫోసైట్లను చంపేస్తుంది. టి, బి, ఎన్‌కె మూడు రకాలూ తగ్గిపోతాయి. ఈ లోపానికీ రోగనిరోధక శక్తి లేకపోవడానికీ ఉన్న లంకె 1972లో బయటపడింది. 1990లో అమెరికాలో ఆవు పేగుల నుంచి తీసిన ఎంజైమ్‌తో అడాజెన్ అనే ఇంజెక్షన్ వచ్చింది. బ్యాక్టీరియాలో తయారుచేసే రెవ్‌కోవి అనే మందుకు అక్కడే 2018లో అనుమతి దొరికింది. రక్తంలో ఎక్కువ రోజులు నిలవాలని రెండింటిలోనూ ఎంజైమ్‌కు పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) గొలుసులు తగిలించారు. ఇక్కడ నేను చెప్పే లెక్కలన్నీ రెవ్‌కోవివి.

ఈ మందు కణాల లోపలికి వెళ్లి పనిచేసేది కాదు. రక్తంలోనే ఉండి అక్కడున్న డీఆక్సీఅడినోసిన్ అనే విషపదార్థాన్ని విరగ్గొడుతుంది. బయట తగ్గేకొద్దీ కణంలోది బయటికి వస్తుంది. రక్తంలో ఎంజైమ్ తగ్గితే ఈ పని మందగించి విషం మళ్లీ పేరుకుంటుంది. ఆ సమయంలో పిల్లవాడు మామూలుగా ఆడుకుంటూనే ఉంటాడు, అసలు చిక్కు అక్కడే. దగ్గు, వాంతులు ఈ మందుతో ఎక్కువగా కనిపించే ఇబ్బందులే గానీ, నా దృష్టిలో వాటికన్నా ప్రమాదం ఎవరికీ తెలియకుండా స్థాయి జారిపోవడం.

మోతాదు చూద్దాం. ఇంతకుముందు అడాజెన్ వాడనివారికి వారానికి కిలోకు 0.4 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. దాన్ని రెండుగా విడగొట్టి, కిలోకు 0.2 చొప్పున వారానికి రెండుసార్లు కండరంలోకి ఇస్తారు. కనీసం 12 నుంచి 24 వారాలు, రోగనిరోధక శక్తి కోలుకునేదాకా ఇలాగే సాగాలి. అసలు బరువు, ఎత్తుకు తగ్గ బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కకు తీసుకోవాలి. చిక్కిపోయిన పిల్లల విషయంలో పొరపాటు జరిగేది ఇక్కడే. సీసాలో 1.5 మి.లీ.కు 2.4 మిల్లీగ్రాములు, అంటే మి.లీ.కు 1.6 ఉంటుంది. లెక్కలో 10 కిలోలు తేలితే ఒక్కో విడతకు 2 మిల్లీగ్రాములు, అంటే 1.25 మి.లీ. పసిపిల్లల తొడ కండరానికి అది ఎక్కువ అనిపిస్తే రెండు తొడలకూ పంచాలా అని వైద్యుణ్ని అడగండి. బిడ్డ బరువు పెరిగినా పాత చీటీ మీది మి.లీ.లే ఎక్కిస్తూ పోతే, ఒక్క విడత తప్పకపోయినా మోతాదు తగ్గిపోతున్నట్టే.

సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అట్టపెట్టెలోనే, వెలుతురు తగలకుండా ఉంచాలి. ఫ్రీజర్ అరకు దగ్గరగా పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన సీసా కరిగాక మామూలుగానే కనిపించవచ్చు, అయినా వాడకూడదు. కుదపకూడదు, ఎందుకంటే ప్రోటీన్ ముద్దకట్టి చెడిపోతుంది. మందు రంగు లేకుండా తేటగా ఉండాలి. మరే మందుతోనూ కలపకూడదు, పలచన చేయకూడదు. సిరంజిలోకి తీశాక సూది మార్చి వెంటనే వేసేయాలి. మిగిలింది రేపటికి దాచుకోవడం లేదు, అది ఒక్కసారికే వాడే సీసా. ఒక విడత తప్పితే దాన్ని తర్వాతిదానితో కలిపి రెట్టింపు ఇవ్వకండి. అదే రోజు వైద్య బృందానికి చెప్పండి.

రక్తపరీక్షకు నమూనా ఇంజెక్షన్‌కు ముందే తీయాలి. వేశాక తీస్తే అంకె బాగానే కనిపిస్తుంది కానీ ఎందుకూ పనికిరాదు. ఇంజెక్షన్‌కు ముందు ఎడిఎ చురుకుదనం లీటరుకు గంటకు కనీసం 30 మిల్లీమోల్స్ ఉండాలి. ఎర్రకణాల్లో డీఏఎక్స్‌పీ (డీఎటిపి, దాని కోవ పదార్థాల మొత్తం) లీటరుకు 0.02 మిల్లీమోల్ లోపు ఉండాలి. మందు కొత్తగా మొదలుపెట్టినవారికి తొలి 8 నుంచి 12 వారాలు రెండు వారాలకోసారి, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి ఎడిఎ చూస్తారు. ఇటీవల రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. దాత ఎర్రకణాల్లోనూ ఈ ఎంజైమ్ ఉంటుంది గనుక ఎర్రకణాల మీద చేసే పరీక్షల అంకెలు తప్పుదారి పట్టిస్తాయి.

విడతలన్నీ సరిగ్గా వేస్తున్నా ఇంజెక్షన్‌కు ముందు ఎడిఎ స్థాయి 15 కంటే కిందికి దిగి అక్కడే ఉండిపోతే, ఎంజైమ్‌ను అడ్డుకునే యాంటీబాడీలు పుట్టాయేమోనని అనుమానించాలి. అయితే దానికి ముందు సీసా ఎక్కడ, ఎలా నిల్వ ఉందో ఆరా తీయడం మంచిది.

ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ఉంటే కండరంలో రక్తస్రావం అవుతుంది కాబట్టి అప్పుడు ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. పెంటోస్టాటిన్ అనే క్యాన్సర్ మందు ఈ ఎంజైమ్‌నే అడ్డుకుంటుంది, రెండూ కలిపి వాడరు. ఇంజెక్షన్లు పడుతున్నాయి కదా అని బీసీజీ, నోటి పోలియో చుక్కలు, రోటా లాంటి సజీవ టీకాలు సొంతంగా వేయించకండి. లింఫోసైట్లు పెరిగినా చాలామందిలో మామూలు స్థాయికి చేరవు. వైద్యులు ఆపమనేదాకా ఇన్ఫెక్షన్లు రాకుండా వాడే కోట్రైమోక్సజోల్ లాంటి రక్షణ మందులు కొనసాగాలి. మూలకణ మార్పిడికో జన్యు చికిత్సకో తేదీ ఖరారైతే, చివరి ఇంజెక్షన్ ఎప్పుడన్నది ఆ బృందమే చెబుతుంది, అప్పటిదాకా ఇంట్లో ఎవరూ ఆపకండి.