పారేయనివ్వరు, పెట్టుకోవడానికి చోటు లేదు

(ఉదయం ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. శ్రోతల ప్రశ్నలకు మానసిక వైద్యురాలు జవాబులు చెప్పారు.)

వ్యాఖ్యాత: ముమ్మిడివరం దగ్గరి పల్లె నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి డాక్టరు గారూ. మాది అత్తగారి కాలం నాటి మండువా ఇల్లండి. మా ఆయన ఏదీ పారేయనివ్వరు. ఎరువుల సంచులు, పెయింటు డబ్బాలు, కాలిపోయిన మోటార్లు, పైపు ముక్కలు, పాత పేపర్లు... అటక నిండింది, వసారా నిండింది, ఇప్పుడు పడకగదిలోకి వచ్చాయి. మంచం మీద సగం పేపర్ల కట్టలే. నేను బయట చాప వేసుకుని పడుకుంటున్నానండి.

డాక్టరు: వంటగది సంగతి?

శ్రోత: అక్కడికి రానివ్వలేదండి. కానీ ఫ్రిజ్ మీద మాత్రం ఖాళీ పూతరేకుల డబ్బాలు పేర్చారు. ఎవరికైనా ఏదైనా పెట్టి ఇవ్వడానికి ఉంటాయంటారు.

డాక్టరు: ఇది ఎప్పటి నుంచి?

శ్రోత: మొదటి నుంచీ పొదుపు మనిషేనండి. తొంభై ఆరు తుపాను తర్వాత ముదిరింది. ఆ రాత్రి మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి, తోటలో కొబ్బరి చెట్లు చాలావరకు పడిపోయాయి. ఎక్కడెక్కడి రేకులో, మేకులో ఏరుకొచ్చి ఇల్లు కప్పుకున్నాం. అవి అక్కరకు వచ్చాయి, కాదనను.

డాక్టరు: 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్లు దాన్ని మరిచిపోలేరమ్మా. అప్పుడు దాచుకోవడం తెలివైన పనే. అయితే ఆ తుపాను మీ ఊరంతా చూసింది, ఊరందరి మంచాల మీదా పేపర్లు లేవు కదా. కాబట్టి తుపాను ఒక్కటే కారణం అనుకోవద్దు. ఇంట్లోవాళ్లు ఏం చేసి చూశారు?

శ్రోత: పోయిన భోగి ముందు ఆయన పొలం వెళ్ళినప్పుడు, నేనూ మా అబ్బాయీ రెండు బస్తాలు పాత సామాన్ల అతనికి వేసేశామండి. సాయంత్రం ఆయన అతన్ని వెతుక్కుంటూ వెళ్ళి డబ్బిచ్చి మరీ వెనక్కి తెచ్చుకున్నారు. చాలా రోజులు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు నేను చీపురు పట్టుకున్నా వెనకాలే వచ్చి నిలబడతారు.

డాక్టరు: అమ్మా, ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఆయన చాటున మాత్రం ఏదీ తీసేయవద్దు. వస్తువు పారేయాలంటే ఆయనకు గుండెల్లో దడ. ఉంచేసుకుంటే ఆ దడ తగ్గుతుంది. ఆ నెమ్మది కోసం మళ్ళీ ఉంచుకుంటారు. అలవాటు బలపడేది ఇలాగే. ఇంట్లోవాళ్లే తీసేస్తారన్న భయం కూడా తోడైతే ఇంకా పట్టుగా కాపలా కాస్తారు.

వ్యాఖ్యాత: ఇది జబ్బా, స్వభావమా?

డాక్టరు: గది దేనికోసం కట్టుకున్నామో దానికి పనికివస్తోందా? మొదట అది అడగాలి. స్టాంపులు సేకరించేవారి ఇంట్లో మంచం ఖాళీగానే ఉంటుంది. పడకగదిలో పడుకోవడానికి వీలు లేనంతగా సామాను పోగుపడి, దాన్ని వదులుకోవాలంటే మనిషి తల్లడిల్లిపోతుంటే రుగ్మత కిందే చూస్తాం. దీన్ని పోగుచేసే రుగ్మత అంటాం. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో దీన్ని తన జబ్బుల జాబితాలో విడి రుగ్మతగా చేర్చింది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ ఉంది. మేము తొమ్మిది ఫొటోలు వాడతాం. ఒకే గది కొద్దికొద్దిగా నిండుతూ ఉంటుంది. మీ గది వీటిలో దేనిలా ఉందో భార్యాభర్తలను విడివిడిగా చూపించమంటాం.

శ్రోత: ఆయన పక్కనే ఉన్నారండి. ఫోను ఇమ్మంటున్నారు.

భర్త: నమస్కారమండి. మా ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కానీ నేను చెత్త ఏరుకునే మనిషిని కాదండి. మోటారులో రాగి తీగ ఉంటుంది. పైపు ముక్క ఎప్పుడో ఒకప్పుడు అతుక్కి పనికొస్తుంది.

డాక్టరు: నిజమేనండి. కావలసినప్పుడు ఆ ముక్క దొరుకుతోందా?

భర్త: వెతకాలండి. మొన్న దొరక్క కొత్తది కొన్నాను.

డాక్టరు: మరి పేపర్లు?

భర్త: వ్యవసాయం పేజీలండి. కొబ్బరి తెగుళ్ల గురించి రాసినవి. తీరికగా చదవాలి.

డాక్టరు: అయితే వాటితోనే మొదలుపెట్టండి. మీకు కావలసిన పేజీ కత్తిరించి ఒక ఫైలులో పెట్టుకోండి. మిగతా కట్టను మీరే తూకం వేయించండి, డబ్బు మీరే తీసుకోండి. రోజూ అరగంట చాలు. అమ్మ పక్కన కూర్చుంటారు, చెయ్యి వేయరు, "ఇదెందుకు" అని అడగరు. మంచం ఖాళీ అయ్యేదాకా మరో గది జోలికి వెళ్ళవద్దు.

భర్త: పెయింటు డబ్బాలు?

డాక్టరు: అవి ఎక్కడ ఉన్నాయి?

భర్త: పెరట్లో, చూరు కింద.

డాక్టరు: ఈ రోజే బోర్లించండి. దీనికి వాయిదా లేదు. వాన నీరు నిలిస్తే వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. డెంగీ మోసే దోమకు కొబ్బరి చిప్పలో నీళ్లు చాలు. పేపర్ల కట్టలకు చెదలు పడతాయి, సామాను సందుల్లో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. ఇది మీకు నేను చెప్పాలా! రాత్రి కరెంటు పోతే అమ్మ నడిచే దారిలో ఏమీ ఉండకూడదు. స్విచ్చు బోర్డుల దగ్గర కాగితం వద్దు. అన్నట్టు, ఆ డబ్బాలూ ప్లాస్టిక్ సంచులూ భోగి మంటలో వేయకండి, ఆ పొగ పీల్చేది మీ మనవలే.

భర్త: ప్రయత్నిస్తానండి. కానీ దారిలో ఏదైనా మంచి రేకు కనిపిస్తే చెయ్యి ఆగదు.

డాక్టరు: ఆ మాట బయటికి చెప్పారు చూడండి, నాకు సంతోషంగా ఉంది. చికిత్సలో సాధన చేయించేది దాని గురించే. రేకు కనిపించినా తీసుకోకుండా కాసేపు నిలబడితే, ఆ లాగుడు పెరిగి దానంతట అదే తగ్గుతుంది. ఒంటరిగా కష్టం, మనోవైద్యుల దగ్గర మాట్లాడుతూ నేర్చుకోవాలి. తోడుగా దిగులు కూడా ఉంటే దానికి మందులున్నాయి. ముందు ఫోనులో మాట్లాడాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. అమ్మకు ఒకసారి ఫోను ఇవ్వండి.

శ్రోత: చెప్పండి డాక్టరు గారూ.

డాక్టరు: ఓర్చుకోమని మీకు నేను చెప్పనమ్మా. మీ మంచం, మీ వంటగది, నడిచే దారి, ఈ మూడింటి దగ్గర బేరం లేదు. మిగతావాటిలో ఆయన వేగం ఆయనది. అబ్బాయితోనూ ఇదే చెప్పండి.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. భీమవరం నుంచి ఇంకొకరు.

రెండో శ్రోత: మా అత్తగారికి డెబ్బై దాటాయండి. జీవితమంతా ఇల్లు అద్దంలా ఉంచిన మనిషి. ఏడాదిగా ప్లాస్టిక్ కవర్లు, నిమ్మతొక్కలు దిండు గలీబులో దాస్తున్నారు.

డాక్టరు: మీది వేరే సంగతమ్మా. పోగుచేసే రుగ్మత సాధారణంగా చిన్న వయసులో మొదలై నెమ్మదిగా పెరుగుతుంది. ముసలితనంలో కొత్తగా వస్తే మతిమరుపు జబ్బు ఉందేమో చూడాలి. పొయ్యి ఆర్పడం మరిచిపోతున్నారా? దారి తప్పుతున్నారా?

రెండో శ్రోత: పోయిన వారం గుడి నుంచి వస్తూ వేరే వీధిలోకి వెళ్ళిపోయారండి.

డాక్టరు: అయితే ఆలస్యం వద్దు, ఈ వారమే నరాల వైద్యుడికో మనోవైద్యుడికో చూపించండి. థైరాయిడ్, బి12 పరీక్షలు చేయిస్తారు. వాటి లోపం వల్ల అయితే సరిచేయవచ్చు. నిమ్మతొక్కల గురించి ఆవిడను ఏమీ అనవద్దు. వెళ్ళేటప్పుడు ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకువెళ్ళండి.