టైరు వ్యాన్ ఇంటికొస్తుంది సరే, అలైన్‌మెంట్ సంగతేంటి?

"ఇంటికొచ్చి టైరు మారుస్తారు సరే, మరి బ్యాలెన్సింగో?" ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చింది. ఇంకో రకం వాళ్లుంటారు, "ఎలాగూ వ్యాన్ వస్తోందిగా, అలైన్‌మెంట్ కూడా చేసేయమనండి" అంటారు. ఇద్దరూ పొరబడుతున్నారు, అదీ సరిగ్గా తలకిందులుగా. బ్యాలెన్సింగ్ వ్యాన్‌లోనే అవుతుంది. అవనిది అలైన్‌మెంటే.

చెప్పుల సంగతి చెప్తే ఇట్టే తెలిసిపోతుంది. చెప్పులో రాయి పడిందనుకోండి. నడకలో తప్పు లేదు, చెప్పూ బాగానే ఉంది, కానీ అడుగడుక్కీ పొడుస్తుంది. అది బ్యాలెన్సింగ్ తేడా, అంటే చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం; చిన్న బరువులు అంటించి సరిచేస్తారు. ఇంకొకాయన చెప్పులో రాయీ లేదు రప్పా లేదు, కానీ పాదాలు ఎడంగా పెట్టి నడుస్తాడు. ఎంత మంచి జత కొన్నా ఒక పక్కే అరిగిపోతుంది. అది అలైన్‌మెంట్ తేడా, అంటే చక్రాలు చూడాల్సిన దిక్కుకి సరిగ్గా చూడకపోవడం. రాయి తీయాలంటే చెప్పు విప్పి దులిపితే చాలు. నడక ఎలా ఉందో చూడాలంటే మాత్రం మనిషి నిలబడాలి. చెప్పు చేతిలో పట్టుకుని ఎంతసేపు చూసినా ఏం లాభం?

[స్క్రీన్ మీద: వ్యాన్ వెనక తలుపు తెరిచి, లోపలున్న మిషన్లు]

వ్యాన్ లోపల ఒకసారి చూడండి. ఈ పక్కది రిమ్ నుంచి టైరు విప్పే మిషన్. ఆ పక్కది బ్యాలెన్సింగ్ మిషన్. వెనకాల కంప్రెసర్, వీటన్నిటికీ కరెంటు ఇచ్చే ఏర్పాటు. షాపులో ఉండేవి ఇవే, కాకపోతే కాస్త ఇరుగ్గా. చక్రం ఊడదీసి చేసే పని ఏదైనా ఇక్కడ అవుతుంది.

బ్యాలెన్సింగ్ అంటే "ఆ, పది ఇరవై గ్రాములకేంటి" అని తీసిపారేసేవాళ్ల కోసం ఒక లెక్క. 205/55 R16 సైజు టైరు (ఈ అంకెల అర్థం తర్వాత చెప్తాను), గంటకు 100 కిలోమీటర్ల వేగం. చక్రం సెకనుకి 14 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున ఒక పక్క 20 గ్రాములు ఎక్కువుంటే, అది 3 కిలోల బరువు లాగినట్టు లాగుతుంది. అదీ తిరిగిన ప్రతిసారీ, ఒక్కోసారి ఒక్కో దిక్కుకి! చెప్పులో రాయి చిన్నదే, పరిగెత్తి చూడండి తెలుస్తుంది. అందుకే ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు తెలియని వణుకు హైవే ఎక్కగానే స్టీరింగ్‌లో మొదలవుతుంది.

[స్క్రీన్ మీద: మిషన్ డిస్‌ప్లే దగ్గరగా]

చూడండి, ముందు పాత బరువులు పీకేసి, జిగురు గీకేస్తున్నారు. ఇక్కడ నాదొక గట్టి అభిప్రాయం: పాత బరువులు అలాగే ఉంచేసి కొత్త టైరు ఎక్కించేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లకండి. ఆ బరువులు పాత టైరు లెక్కకి పెట్టినవి. ఇప్పుడు చక్రం తిప్పారు, ఆగింది. లోపలి వైపు 15 గ్రాములు, బయటి వైపు 25 గ్రాములు పెట్టాలని చూపిస్తోంది. మిషన్ చెప్పిన చోటే అంటించి, మళ్లీ తిప్పారు. సున్నా, సున్నా. రెండోసారి తిప్పకుండా "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి, తిప్పమనండి.

ఇక అలైన్‌మెంట్. దానికి కారు నాలుగు కాళ్ల మీద, సమతలంగా ఉన్న చోట నిలబడాలి. నాలుగు చక్రాలకీ సెన్సర్లో, కెమెరా చూసే గుర్తుల పలకలో బిగించి, ఏ చక్రం ఎటు చూస్తోందో కొలవాలి. డిగ్రీలో చిన్న భాగం తేడాని పట్టుకోవాలి మరి. ఆ తర్వాత కిందికి దూరి టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ) నట్టు వదులు చేసి సరిచేయాలి. మీ గేటు ముందు వాలుగా ఉన్న సిమెంటు మీద ఇదంతా ఎలా కుదురుతుంది? అలాగని కంగారేం లేదు. టైరు మార్చినంత మాత్రాన అలైన్‌మెంట్ చెడిపోదు, కొత్త చెప్పులు వేసుకుంటే నడక మారదు కదా.

అయితే చెడిందో లేదో పాత టైరే చెప్తుంది. వాళ్లు దాన్ని వ్యాన్‌లో పడేసేలోపు అడిగి చూడండి. ఒక అంచే అరిగిపోయి ఉంటే చాలావరకు అలైన్‌మెంట్ తేడా, కొత్త టైర్లతో వెంటనే షాపుకి వెళ్లాల్సిందే. రెండు అంచులూ అరిగి మధ్యలో బాగుంటే గాలి తక్కువతో తిప్పారు. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువైంది. ఈ రెండిటికీ అలైన్‌మెంట్ డబ్బులు తగలేయక్కర్లేదు.

ఫోన్ చేసినప్పుడు కారు పేరు చెప్పి ఊరుకుంటారు, అది ఇంకో తలనొప్పి. చెప్పుల షాపుకి ఫోన్ చేసి "నా పేరిది, ఒక జత పంపండి" అంటే ఏం పంపుతారు? ఒకే మోడల్‌లో వేరియంట్‌ని బట్టి టైరు సైజు మారుతుంది. టైరు పక్కన 205/55 R16 91V అని ఉంటుంది, మొత్తం చదవండి. వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, R అంటే రేడియల్ (టైరు లోపలి అల్లిక రకం), రిమ్ 16 అంగుళాలు. చివరి 91V వదిలేయకండి. 91 అంటే టైరు ఒక్కోటి 615 కిలోలు మోస్తుంది, V అంటే గంటకు 240 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది అని. అంతకంటే తక్కువ రకం వేయించుకోకూడదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. టైరు పక్కన DOT అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు చూడండి, 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. గాలి కొట్టే వాల్వ్ రబ్బరుదైతే అది కూడా కొత్తది వేయమనండి. టైరు మీద బాణం గుర్తుంటే ముందుకు తిరిగే దిక్కుకే ఉండాలి. రెండే కొత్తవి కొంటే వెనక వేయించండి. ముందే వేయాలని వాదించేవాళ్లున్నారు, కానీ తడి రోడ్డు మీద వెనక భాగం జారితే బండిని అదుపు చేయడం చాలా కష్టం. నట్లు గన్‌తో టకటకా బిగించి వదిలేయకూడదు, ఎదురెదురుగా బిగిస్తూ చివర్లో టార్క్ రెంచ్ (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) వాడాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్ల బిగువు ఇంకోసారి చూసుకోవాలి.

ఆఁ, ఒకటి మర్చిపోయేవాణ్ణి. అలాయ్ వీల్స్‌కి లాక్ నట్లు (ప్రత్యేకమైన కీతోనే ఊడేవి) ఉంటే వాటి కీ మీ డిక్కీలోనో, డ్యాష్‌బోర్డు అరలోనో ఉంటుంది. వ్యాన్ రాకముందే వెతికి పెట్టుకోండి, అది లేకపోతే వాళ్లు వచ్చి కూడా చక్రం విప్పడం కష్టం. పంక్చర్ల సంగతి వచ్చే వీడియోలో.