సరస్సు రోజును ముందుగా ఖాయం చేసుకోవద్దు

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. అక్టోబరు నెలాఖరులో ఇటలీలోని వెనిస్, వెరోనా, మిలాన్ నగరాలు చూసి రావాలని మా ఇంట్లో నిర్ణయించుకున్నాం. మధ్యలో ఒక రోజు సరస్సుకు కేటాయించాల్సిందేనని అమ్మ పట్టుబట్టింది. మిలాన్‌లో చదువుకొని అక్కడే ఉద్యోగంలో స్థిరపడిన మా అక్కను అందుకే ఈ రోజు పిలిచాను. గార్దా, మజ్జోరె, కోమో సరస్సుల్లో మేము దేన్ని ఎంచుకోవాలి, అక్కా?

అతిథి: అన్నింటిలోకీ పెద్దది గార్దా. దాని విస్తీర్ణం దాదాపు 370 చదరపు కిలోమీటర్లు కాబట్టి, ఒక్క రోజులో ఒక మూల చూసి వెనుదిరగాల్సి వస్తుంది. మీ దారిలో నేనైతే కోమో తూర్పు గట్టున ఉన్న వరెన్నా ఊరికి వెళ్లమంటాను. మిలాన్ సెంట్రల్ స్టేషనులో రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా అక్కడ దిగుతారు. వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. లెక్కో అనే ఊరు దాటిన తరువాత సరస్సు ఆ వైపే, సొరంగానికీ సొరంగానికీ మధ్య తళుక్కుమంటూ కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అయితే ఆ రోజుకు టికెట్లు ఇప్పుడే తీసుకోమంటారా?

అతిథి: వద్దు. వెనిస్ నుంచి మిలాన్ వచ్చే వేగరైళ్ల ధరలు రోజులు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి కనుక వాటిని ముందే కొనాలి. వరెన్నా వెళ్లేది మాత్రం ప్రాంతీయ రైలు. దాని టికెట్ ధర నెల ముందు కొన్నా, ఆ ఉదయం కొన్నా ఒకటే. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈ సరస్సుల మీద వానలు ఎక్కువ. అందువల్ల మిలాన్‌లో మూడు రోజులుంటే వాటిలో ఏది సరస్సు రోజో ముందే రాసిపెట్టుకోకుండా, ముందు రోజు రాత్రి వాతావరణ సూచన చూసి తేల్చుకోవాలి. వాన పడిన రోజున మిలాన్‌లో చర్చీలు, మ్యూజియములు ఎలాగూ ఉన్నాయి. యంత్రంలో కాగితపు టికెట్ తీసుకుంటే మాత్రం రైలెక్కే ముందు ముద్ర వేయించుకోవడం మరిచిపోవద్దు.

వ్యాఖ్యాత: పొద్దు త్వరగా గుంకుతుందని విన్నాను.

అతిథి: అసలు చిక్కు అక్కడే ఉంది. అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. ముందు రోజు ఆరు దాటాక అస్తమించిన సూర్యుడు ఆ రోజు ఐదుంబావుకే కొండల చాటుకు వెళ్లిపోయి ఉంటాడు. పడవల సమయాలు కూడా ఋతువును బట్టి మారతాయి. ఒకసారి ఫోనులో దాచుకున్న వేసవి పట్టికను నమ్ముకొని, వరెన్నాకు ఎదుటి గట్టున ఉన్న బెల్లాజియో ఊరి రేవులో తడి బల్ల మీద గంటకు పైగా చలికి వణుకుతూ కూర్చున్నాను. అప్పటి నుంచి రేవులో దిగగానే తిరుగు పడవ ఎప్పుడో బోర్డు మీద చూసి, దానికి తగినట్టే మిగతా రోజును వెనక నుంచి ముందుకు లెక్కవేసుకుంటున్నాను. వరెన్నా నుంచి బెల్లాజియోకు పావుగంటే పడుతుంది కాబట్టి ఉదయమే ఆ గట్టు చూసి, మధ్యాహ్నానికి వెనక్కి రావడం మేలు.

వ్యాఖ్యాత: వరెన్నాలో అమ్మ నడవగలదా?

అతిథి: ఊరంతా రాతిమెట్ల సందులే, వానకు తడిస్తే జారతాయి కాబట్టి మంచి బూట్లు వేయించు. సరస్సు ఒడ్డునే మొనాస్తేరో భవనపు తోట ఉంది. భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి 1954లో అక్కడ పాఠాలు చెప్పాడు. భౌతికశాస్త్రం పేరెత్తితే నాన్న కూడా కదులుతారు! పక్కనే ఫియుమెలాత్తె అనే ఏరు ఉంది. మన ఖమ్మం వైపు పాలేరు ఉన్నట్టే దాని పేరుకూ పాలనది అని అర్థం. అది నురగలు కక్కుతూ కేవలం 250 మీటర్లు పారి సరస్సులో కలుస్తుంది. చలికాలంలో ఎండిపోతుంది కాబట్టి నెలాఖరుకు నీళ్లుంటే మీ అదృష్టం.

వ్యాఖ్యాత: మరి భోజనం సంగతి?

అతిథి: రెండు గంటలకల్లా వంటిళ్లు కట్టేస్తారు, ఒంటిగంటకే కూర్చోండి. అగోనె అనే చేపకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, అదిమిపెట్టి, కాల్చి మొక్కజొన్న సంకటితో పెడతారు. దాన్ని మిస్సొల్తీని అంటారు. మన ఎండుచేపల రుచి తెలిసినవారికి కొత్తగా అనిపించదు. అమ్మకు మాత్రం పిజ్జోక్కెరి చెప్పు. బక్‌వీట్ అనే గింజల పిండితో చేసిన పట్టీలను బంగాళాదుంప, క్యాబేజీ, చీజ్‌తో కలిపి, వెల్లుల్లి వేయించిన వెన్న పోస్తారు.

వ్యాఖ్యాత: బంగాళాదుంప, క్యాబేజీ అని మాత్రమే చెబుతాను అక్కా. ఆ వెన్న సంగతి పళ్లెం వచ్చాక తనే చూసుకుంటుంది.