గుండెకు గురిపెడితే పొట్టకు తగిలింది

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

వారోత్సవాల్లో ఏదైనా ఒక నవల గురించి మాట్లాడమన్నారు. నేను అమెరికా రచయిత అప్టన్ సింక్లెయిర్ రాసిన 'ద జంగిల్' ఎంచుకున్నాను. షికాగో కబేళాల్లో పనిచేసే కార్మికుల కథ అది. 1906 ఫిబ్రవరిలో పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది జూన్ 30న అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ రెండు చట్టాల మీద సంతకం పెట్టాడు. ఒకటి మాంసం తనిఖీకి, రెండోది ఆహారంలోనూ మందుల్లోనూ కల్తీని అరికట్టడానికి. కథలు రాస్తే లోకం మారుతుందా అని ఎవరైనా అడిగితే మనలాంటివాళ్లం వెంటనే ఈ నవల పేరు చెబుతాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే చెప్పాను. చెప్పేటప్పుడు ఒక ముక్క వదిలేస్తూ వచ్చాను. ఈరోజు ఆ ముక్క గురించే మాట్లాడాలని వచ్చాను.

1904 ఎండాకాలంలో షికాగో కబేళాల కార్మికులు సమ్మె కట్టారు, ఓడిపోయారు. పశ్చిమ మైదానాల నుంచి రైళ్లలో పశువులు దిగేది అక్కడే. ఒక్కో జంతువూ గొలుసుకు వేలాడుతూ ముందుకు కదులుతుంటే, ఒకడు గొంతు కోస్తాడు, ఇంకొకడు తోలు తీస్తాడు, మరొకడు ఒకే ఒక్క కోత కోస్తాడు. రోజంతా అదే కోత. గొలుసు వేగం యజమాని చేతిలో ఉంటుంది. పొద్దున్నే గేటు బయట పని కోసం జనం కాచుకుని ఉంటారు గనక, నెమ్మదించినవాడి స్థానంలోకి ఇంకొకడు నిమిషంలో వస్తాడు.

సమ్మె ఓడిన ఆ రోజుల్లో కాన్సాస్ నుంచి వెలువడే 'అప్పీల్ టు రీజన్' అనే సోషలిస్టు వారపత్రిక సంపాదకుడు ఫ్రెడ్ వారెన్, సింక్లెయిర్‌కు 500 డాలర్లు ముందుగా ఇచ్చాడు. నల్లవారి బానిసత్వం మీద అప్పటికే ఒక నవల రాశావు, ఇప్పుడు కూలి బానిసత్వం మీద రాయమన్నాడు. సింక్లెయిర్‌కు అప్పుడు 26 ఏళ్లు. షికాగో వెళ్లి ఏడు వారాలున్నాడు. పగలు ఫ్యాక్టరీల్లో తిరిగాడు, రాత్రిళ్లు కార్మికుల ఇళ్లలో కూర్చుని విన్నాడు. లోపలికి ఎలా పోగలిగాడో ఆయనే చెప్పుకున్నాడు: మాసిన బట్టలు, చేతిలో అన్నం క్యారేజీ. ఆ రెండూ ఉంటే ఎవరూ ఆపలేదట. ఆ క్యారేజీ సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు ఒక్క క్షణం ఆగిపోతుంది. క్యారేజీ పట్టుకున్న మనిషిని అక్కడ ఎవరూ తేరిపార చూడరన్నమాట.

ఒక ఆదివారం ఒక సారాకొట్టు వెనక గదిలో లిథువేనియా వలసజీవుల పెళ్లి జరుగుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. నవల ఆ పెళ్లితోనే మొదలవుతుంది. వరుడు యుర్గిస్. ఎద్దులాంటి బలం ఉన్నవాడు. ఏ కష్టం వచ్చినా ఇంకా ఎక్కువ పనిచేస్తానంటాడు. ఆ మాట నిజంగా నమ్మి అంటాడు. అతని తండ్రి ముసలివాడు, పని దొరకడానికి జీతంలో మూడో వంతు లంచంగా ఒప్పుకుంటాడు. మాంసం ఊరబెట్టే నేలమాళిగలో రసాయనాలు బూట్లను తినేసి పాదాల దాకా వస్తాయి. ముసలాయన పోతాడు. వాయిదాల మీద కొన్న ఇంటికి కాగితాల్లో దాచిన వడ్డీ బయటపడుతుంది. భార్య ఓనాను మేస్త్రీ చెరుస్తాడు. యుర్గిస్ వాణ్ణి కొట్టి జైలుకు పోతాడు. తర్వాత పురిట్లో ఓనా పోతుంది. కొడుకు వీధిలో నిలిచిన నీళ్లలో పడి పోతాడు.

నవల చాలా భాగం ఇదే. మాంసం మాట వచ్చే పేజీలు ఏరితే గుప్పెడు కూడా ఉండవు. ఆ గుప్పెడు పేజీల్లోనూ ఆయన కార్మికుల చేతులే చూపించాడు. ఎముకల నుంచి మాంసం వేరుచేసేవాళ్లకు బొటనవేలు సరిగ్గా పనిచేయదు, కత్తి దాన్ని అన్నిసార్లు కోసింది. గొర్రె తోలు మీది బొచ్చు లాగేవాళ్ల వేళ్లను ఆమ్లం కొరుకుతుంది. ఊరబెట్టే గదిలో చిన్న గీత పడినా పుండై మానదు.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఈ చేతులు గుర్తుండలేదు. మాంసం తరిగి కూరి చేసే సాసేజ్‌లోకి పోయిన ఎలుకలు గుర్తున్నాయి. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చదివితే, ఎలుకల పేజీ ఇంతేనా అని ఆశ్చర్యపోయాను. తినేవాడిగా చదివాను నేను. 1906లో అమెరికా అంతా అలాగే చదివింది.

పత్రికలో 1905లో ధారావాహికగా వచ్చినా, పుస్తకంగా వేయడానికి పేరున్న ప్రచురణకర్తలు వెనకాడారు. చివరికి డబుల్‌డే సంస్థ తన మనిషిని షికాగో పంపి, రాసినది నిజమేనని తేల్చుకున్నాకే అచ్చువేసింది. ఇలాంటి రచనకు ప్రాణం ఆ రుజువులోనే ఉంటుందని నా నమ్మకం. మన గురజాడ 1897లో 'కన్యాశుల్కం' పీఠికలో చేసిందీ అదే. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1034 శుల్క వివాహాలు జరిగాయని విజయనగరం మహారాజు తీయించిన జాబితా ఎదురుగా పెట్టి మాట్లాడాడు.

రూజ్‌వెల్ట్‌కు సోషలిస్టులంటే గిట్టదు. ఆ ఏప్రిల్‌లోనే ఒక ప్రసంగంలో, తల ఎత్తి చూడకుండా పెంట ఎగదోస్తూ కూర్చునే మనిషితో ఇలాంటి రచయితలను పోల్చాడు. 'మక్‌రేకర్', అంటే పెంట ఎగదోసేవాడు, అన్న పేరు అలా అంటుకుంది. అయినా చార్లెస్ నీల్, జేమ్స్ రెనాల్డ్స్ అనే ఇద్దరిని షికాగో పంపాడు. వాళ్ల నివేదికలో ఒక సంఘటన ఉంది. కోసి కడిగి శుభ్రం చేసిన పంది పట్టాల మీద నుంచి జారి, మురికి నేల మీద పడి, మరుగుదొడ్డిలోకి సగం దూరింది. ఇద్దరు కార్మికులు దాన్ని ఎత్తి, కడగకుండానే తీసుకెళ్లి మిగతావాటి పక్కన వేలాడదీశారు. ఇది కథ కాదు, ప్రభుత్వం పంపిన మనుషులు చూసి రాసినది.

ఆ నివేదికలోనే మరో సంగతీ ఉంది. గాలీ వెలుతురూ లేని గదులు, ఊపిరి సలపనివ్వని పని వేగం, కార్మికుల్లో మిగతావాళ్ల కన్నా ఎక్కువగా క్షయ. ఇదీ అధికారికంగా అచ్చయింది. పంది మాత్రం దేశమంతా గుర్తుండిపోయింది.

చట్టం వచ్చింది. జంతువును కోసే ముందూ కోసిన తర్వాతా ప్రభుత్వ తనిఖీ, శుభ్రత నియమాలు, తనిఖీ ఖర్చుకు ఏడాదికి 30 లక్షల డాలర్లు ఖజానా నుంచి. మాంసం డబ్బాల మీద తేదీ వేయాలన్న నిబంధనను కంపెనీల ఒత్తిడితో తీసేశారు. రెండో చట్టం కోసం హార్వీ వైలీ అనే ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త చాలా ఏళ్లుగా పోరాడుతున్నాడు, ఆ ఘనతలో పెద్ద వాటా ఆయనదే. ఇవి మంచి చట్టాలు. ఎన్నో ప్రాణాలు నిలిపాయి. కానీ పని గంటల గురించి, కూలి గురించి, తెగిన వేళ్లకు పరిహారం గురించి వాటిలో ఒక్క వాక్యం లేదు.

జనం గుండెకు గురిపెడితే పొరపాటున పొట్టకు తగిలిందని సింక్లెయిర్ అన్నాడు. అందరూ ముచ్చటగా ఉటంకించే మాట ఇది. నాకు అందులో దుఃఖమే వినిపిస్తుంది. పుస్తకాన్ని ఆయన అంకితమిచ్చింది అమెరికా కార్మికులకు.

ఆ నవలలో నాకు మింగుడుపడని చోటు ఒకటుంది, దాచకూడదు. సమ్మె విరగ్గొట్టడానికి తెచ్చిన నల్లజాతి కూలీల గురించి ఆయన రాసిన వాక్యాలు అవమానకరమైనవి. యుర్గిస్ పట్ల చూపిన కరుణలో పిసరంత కూడా వాళ్లకు దక్కలేదు. చరిత్ర ఇంకోలా నడిచింది. 1930ల చివర్లో షికాగో కబేళాల్లో సంఘం గట్టిగా నిలబడినప్పుడు, దాన్ని భుజాల మీద మోసినవాళ్లలో నల్లజాతి కార్మికులు ముందువరసలో ఉన్నారు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే సంఘంలో చేరాకే కంపెనీలు ఒప్పందాలకు దిగాయి. పని గంటల మీద, కనీస కూలి మీద దేశవ్యాప్త చట్టం వచ్చింది 1938లో. అంటే తినేవాడి చట్టానికి నాలుగు నెలలు పట్టింది, చేసేవాడి చట్టానికి 32 ఏళ్లు.

చివరిగా మన కాలంలోని ఒక తేదీ చెప్పి ముగిస్తాను. 2020 ఏప్రిల్ 28. కరోనా సోకి అమెరికా మాంసం ప్లాంట్లు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులు. గొలుసు పక్కన భుజం భుజం ఆనించి నిలబడి చేసే పని కాబట్టి జబ్బు వేగంగా పాకింది. దేశానికి మాంసం కొరత రాకూడదని, ప్లాంట్లు తెరిచే ఉండాలంటూ అధ్యక్షుడు ఆ రోజు ఉత్తర్వు ఇచ్చాడు. అదే నెలలో సౌత్ డకోటాలో మూతపడిన ఒక ప్లాంటుకు ఆరోగ్య శాఖ నిపుణులు వెళ్లారు. అక్కడి కార్మికులు దాదాపు 40 భాషలు మాట్లాడతారని తమ నివేదికలో రాశారు.

సెలవు. నమస్కారం.