జాయినింగ్ కాగితం నాకొకసారి చూపించండి

అందరికీ నమస్కారం. ఈ ఎండలో ఇంతమంది వచ్చారంటే, నా మాటల కోసం కాదు, హెడ్మాస్టరుగారు మజ్జిగ పోయిస్తామన్నారనే నా అనుమానం. పోనీండి, మజ్జిగ వచ్చేదాకా వినండి.

పిలకాయలు పది పాసవగానే ఇంట్లో పడే మొదటి ప్రశ్న ఎంపీసీనా, బైపీసీనా అని. ఇష్టపడి చేరేవాళ్ళకు నేను చెప్పేదేం లేదు. మనసులేని చదువుకు అప్పుచేసి ఫీజు కట్టబోయే వాళ్ళతోనే నా మాట.

ఇదిగో, ఈ ఇనుప ముక్క చూడండి. నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పినోణ్ణి. చేరిన కొత్తలో పిల్లలకు ఇదే పని. వైసులో, అంటే కదలకుండా పట్టుకునే ఇనుప బిగింపులో బిగించి, ఆకురాయితో రుద్దాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తితే సందులో సన్నటి గీత కనపడుతుంది. కనపడిందా, మళ్ళీ రుద్దాల్సిందే. చేతులు బొబ్బలెక్కి ఏడ్చినోళ్ళూ ఉన్నారు. ఆ గీత మాయమైన రోజు మాత్రం, ‘సార్, ఇంటికి తీసుకుపోతా’ అంటారు. ఇది ఒక అమ్మాయి చేసింది. ఇవ్వకుండా నేనే దాచుకున్నా.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు. వెల్డర్ ఒక ఏడాదే, దానికి ఎనిమిది పాసైనా చాలు. ఐటీఐలో చేరితే చదువు ఆగిపోతుందని భయపడకండి. రెండేళ్ళ ట్రేడు చేసినోళ్ళు పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాది.

అసలు సంగతి ఇప్పుడు. మన తిరుపతి జిల్లాలో శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది, రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలున్నాయి, కరకంబాడిలో బ్యాటరీలు చేస్తారు, ఇక్కడే సెట్టిపల్లెలో రైలు పెట్టెలు బాగుచేసే షాపుంది. అప్రెంటిస్ అంటే పనిచేస్తూ పని నేర్చుకునే మనిషి. రైల్వే అప్రెంటిస్‌కు రాతపరీక్ష లేదు, పదో తరగతి మార్కులూ ఐటీఐ మార్కులూ చూసి తీసుకుంటారు. కాబట్టి ఆ పదో తరగతి మార్కుల మెమో భద్రం.

అప్రెంటిస్ అనే మాట అందరూ వాడతారు. 1961 నాటి చట్టం కింద అప్రెంటిస్ అంటే వేరు. ప్రభుత్వ పోర్టల్‌లో ఒప్పందం నమోదవ్వాలి. 2019 నిబంధనల్లో పది పాసైతే నెలకు కనీసం 6,000, ఐటీఐ అయితే 7,000 స్టైపెండ్, అంటే నేర్చుకునే రోజుల్లో ఇచ్చే డబ్బు, అని రాశారు. ట్రేడు శిక్షణ ముగిశాక పరీక్ష, జాతీయ సర్టిఫికెట్. ఆ తర్వాత అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు. ఉందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

నా శిష్యుడొకణ్ణి ఒక ఫ్యాక్టరీకి నేనే పంపాను. పేరెందుకులే. అప్రెంటిస్ అన్నారు, నేనూ కాగితం అడగలేదు. పద్నాలుగు నెలలు అట్టపెట్టెలు మోశాడు. సర్టిఫికెట్ అడిగితే, ‘నువ్వు మా మనిషివే కాదు, కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌వి’ అన్నారంట. మరి హెల్పరైతే కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ ఉండాలి కదా? అవీ లేవు. అంటే వాడు ఆ లెక్కలోనూ లేడు, ఈ లెక్కలోనూ లేడు. వాళ్ళమ్మ నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే అమ్మలారా, నాయనలారా, తెల్లారకముందే కంపెనీ బస్సెక్కే పిల్లలు మీ ఇళ్ళల్లో ఉంటే ఇవి కనుక్కోండి. ఒప్పందం నంబరుందా? అందులో రాసింది ఏ ట్రేడు? డబ్బులు బ్యాంకులో పడుతున్నాయా, చేతికిస్తున్నారా? నేర్పే మనిషి ఎవరు? ఈ ఆఖరి ప్రశ్నకు పిల్లవాడు నీళ్ళు నమిలితే, ఆదివారం కూర్చోబెట్టి మాట్లాడండి.

మజ్జిగ వచ్చినట్టుంది. నేనా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. జాయినింగ్ కాగితం ఉన్నోళ్ళు పట్టుకు రండి. జిరాక్సు అయినా పర్లేదు, ఫోనులో ఫోటో అయినా చాలు. కళ్ళజోడు తెచ్చుకున్నాను.