తీసుకుపొమ్మని అడగలేదు

శ్రోతలకు నమస్కారం.

మా నాయనమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. చాప మీద మోకరించి, కొంగు తలమీదికి లాక్కుని, పైకి వినపడేలా ప్రార్థన చేసేది. పక్క మంచం మీద నేను నిద్ర నటిస్తూ వినేవాణ్ణి. పొలం, చూడిగేదె, పెద్దత్త కాపురం, బాబాయి ఉద్యోగం, ఇవన్నీ అయ్యాక నా వంతు. "పిల్లాడు మంచోడే ప్రభువా, లెక్కల్లోనే కొంచెం వెనకబడ్డాడు" అనేది. ముందురోజు సాయంత్రం చీపురుకట్ట పట్టుకుని నన్ను వీధంతా తరిమింది కూడా ఆవిడే. దుప్పటి కింద నాకు సిగ్గేసేది.

యోహాను సువార్త 17వ అధ్యాయం చదివినప్పుడల్లా నాకా చాప గుర్తొస్తుంది. ఆ 26 వచనాలూ కలిపి ఒకటే ప్రార్థన. యేసు చేసిన ప్రార్థనల్లో ఇంత పొడవైనది సువార్తల్లో ఇంకోటి లేదు. యెరూషలేములో రాత్రి భోజనం దగ్గర శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆయన్ని పట్టివ్వబోయే శిష్యుడు యూదా లేచి చీకట్లోకి వెళ్ళిపోయాడు. మిగిలిన పదకొండు మందితో చాలాసేపు మాట్లాడి, చివరికి ఆకాశం వైపు కళ్ళెత్తి, తండ్రితో వాళ్ళ గురించే చెప్పడం మొదలుపెట్టాడు.

ఏమని చెప్పాడు? వీళ్ళు నీ మాట గైకొన్నారు, నేను నీ దగ్గర నుంచి వచ్చానని నిజంగా ఎరిగారు అని. ఆ పదకొండు మంది సంగతి మనకు తెలిసిందే. తెల్లారేలోగా పేతురు చలిమంట దగ్గర నిలబడి, నేను ఆయన శిష్యుణ్ణి కానంటాడు. యేసుకు ఇది తెలియక కాదు. కోడి కూసేలోగా మూడుసార్లు నన్నెరగనంటావని కాసేపటి క్రితమే పేతురు ముఖం మీదే చెప్పాడు. అతనితో ఆ మాటా చెప్పాడు, తండ్రితో ఈ మాటా చెప్పాడు.

ఇక అసలు అడిగింది ఏమిటంటే, 15వ వచనం వినండి. "నీవు లోకములోనుండి వారిని తీసికొని పొమ్మని నేను ప్రార్థించుటలేదు గాని దుష్టునినుండి వారిని కాపాడుమని ప్రార్థించుచున్నాను."

మన ప్రార్థనల్లో సగం దీనికి ఎదురుగా ఉంటాయి. ఈ ఆఫీసు నుంచి ట్రాన్స్‌ఫర్ ఇప్పించు, ఈ అప్పుల ఊబిలోంచి బయటపడెయ్యి, ఈ టెన్షన్ నావల్ల కాదు. అలా అడగడం తప్పని నేననను, నేనూ అడిగాను. కానీ ఆయన మాత్రం వాళ్ళని ఎక్కడున్నవాళ్ళని అక్కడే ఉంచమన్నాడు. పైగా నువ్వు నన్ను లోకానికి పంపినట్టే నేనూ వీళ్ళని పంపానన్నాడు.

ఈ చిన్న అధ్యాయంలోనే "లోకం" అన్న మాట పదిహేనుకు పైగా సార్లు వస్తుంది. మా చిన్నప్పుడు సంఘంలో ఆ మాటకు ఒకటే అర్థం ఉండేది. సినిమాకు వెళ్ళినవాణ్ణి లోకంలో పడిపోయాడనేవారు. ధర్మవడ్డీ దాటి వసూలు చేసే పెద్దాయన మాత్రం ముందు వరసలోనే కూర్చునేవాడు. ఆయన్ని ఎవరూ ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత ఆయన చూపు ఇంకా దూరం వెళుతుంది. వీళ్ళ మాట విని నమ్మబోయేవాళ్ళ కోసం కూడా అడుగుతున్నానంటాడు, వాళ్ళంతా ఒకటిగా ఉండాలంటాడు. ఈ ఒక్క మాటను పట్టుకున్న మనిషి మన డోర్నకల్‌లో ఉండేవాడు. బిషప్ అజరయ్య. పుట్టింది తిరునెల్వేలి సీమలో. 1912లో ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన శాఖలో, మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. విదేశీ మిషన్ల పేరు చెప్పుకుని క్రైస్తవులు ముక్కలు ముక్కలుగా ఉంటే లోకానికి ఏం చెబుతామన్నది ఆయన బాధ. 1919లో తమిళనాట తరంగంబాడిలో మొదలైన ఐక్యత ప్రయత్నంలో ఆయన ముందున్నాడు. 1945 జనవరి 1న కన్నుమూశాడు, ఫలితం చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్ల డోర్నకల్, వెస్లియన్ల మెదక్, లండన్ మిషన్ వాళ్ళ జమ్మలమడుగు ఒక్క సంఘమయ్యాయి. దాని చిహ్నం మీద ఉన్నది ఆ రాత్రి మాటే, వారందరూ ఏకమై ఉండాలని.

అంతా ఏకమయ్యారని చెప్పను. తెలుగు బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. మిషన్ల సంగతి అలా ఉంచండి, ఒకే ఊళ్ళో మాలపల్లికో గుడి, మాదిగపల్లికో గుడి నేటికీ ఉన్నాయి. క్రిస్మస్ రాత్రి రెండు మైకులూ ఒకదాన్ని మించి ఒకటి అరుస్తుంటే, మధ్యలో ఉన్న ఇళ్ళవాళ్ళకు ఏ పాటా సరిగ్గా వినపడదు.

ప్రార్థన ముగిశాక యేసు శిష్యులతో కెద్రోను వాగు దాటి ఒక తోటలోకి వెళ్ళాడు. కాసేపటికే దివిటీలు, దీపాలు, ఆయుధాలు పట్టుకుని మనుషులు వచ్చారు. ముందు యూదా. ఎవరు కావాలని యేసే ఎదురెళ్ళి అడిగాడు. నజరేయుడైన యేసు అన్నారు. నేనే అన్నాడు. ఆ తర్వాత, వెనక బిక్కచచ్చి నిలబడ్డ పదకొండు మందిని ఉద్దేశించి వాళ్ళతో అన్నాడు. మీరు వెతికేది నన్నయితే, వీళ్ళని పోనివ్వండి.